శాసనసభ్యులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున ఒక పూర్వ శాసనసభ్యుని జీవితమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఎవరిని గూర్చి యన్నది నా యిష్టమునకే విడిచిపెట్టినారు. మంత్రులైనవారు, సభాపతులైనవారు, నాలుగైదు పర్యాయములు వరుసగా గెలిచినవారు మన తెలుగునాట కొరత లేదు. వారందరిని ప్రక్కనుంచి, చట్టసభలో కొలదికాలము మాత్రమే కూర్చున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని నేను ఎన్నుకొంటిని.

ఆయన పేరు చెప్పగానే చరిత్ర చదివినవారికి రాజమహేంద్రవరపు కళాశాలయు, వెల్లూరు చెరసాలయు, ‘ఆంధ్రతిలక్’ అను బిరుదమును జ్ఞప్తికి వచ్చును. గ్రంథాలయములతో పరిచయమున్న వారికి విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనము గుర్తుకు వచ్చును. ఆయన శాసనసభ్యత్వము మాత్రము ఎవరికిని జ్ఞప్తికి రాదు. నా మనవి యేమనగా, ఆయన చట్టసభ గడప దాటి వెలుపలికి వచ్చిన తరువాత ముప్పది యేండ్లు చేసినదే అసలైన శాసనసభ్యుని పని. అది యెట్లో చెప్పుటకు ఆయన జీవితమును కొంత మొదటినుండి తడవవలసి యుండును.

హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. రాయలసీమను తుడిచిపెట్టిన ధాత కరువు గడచి అప్పటికి అయిదారేండ్లు మాత్రమే యైనది. ఆ సీమను నాడు దత్తమండలము లనెడివారు. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసిన భూమి కనుక ఆ పేరు. కర్నూలు, గుత్తి, నంద్యాలలలో చదువుకొని, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, 1906లో ఎం. ఏ. పట్టము పుచ్చుకొనిరి. ఆనాడు ఎం. ఏ. అనగా మాటలు కాదు. డిప్యూటీ కలెక్టరు మొదలు ఏ కొలువు తలుపైనను తెరచుకొనెడి కాలము. ఆయన ఉపాధ్యాయుడు కాగోరి, రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరిరి.

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు విచ్చేసిరి. వంగదేశ విభజన వలన పుట్టిన వందేమాతరోద్యమము గోదావరి గట్టునకు చేరినది. పాలుగారి ఆంగ్లోపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు తెలుగున చెప్పుచుండిరి. విద్యార్థులు వందేమాతరము బిళ్ళలు రొమ్మున ధరించి తరగతులకు వచ్చిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దొరగారికి అది సహింపలేదు. విద్యార్థుల పక్షమున ముందు నిలిచినవాడు హరిసర్వోత్తమరావుగారు. ఆయనను కళాశాలనుండి బహిష్కరించుటయేగాక, ప్రభుత్వోద్యోగమునకు అనర్హుడని కూడ శాసించిరి. ఇరువదినాలుగేండ్లైనను నిండని యువకుడు, ఉపాధ్యాయవృత్తి కోరి వచ్చినవాడు, ఒక్క దినములో దారి లేనివాడైపోయెను.

ఇక్కడ ఒక మాట. మనలో కొందరు ఈ ఘట్టమును చెప్పునపుడు ఆయన ఉద్యోగమును తృణప్రాయముగ త్యజించినట్లు వర్ణింతురు. ఆయన త్యజింపలేదు. దానిని ఆయన చేతిలోనుండి లాగుకొనిరి. త్యాగమునకును, పోగొట్టుకొనుటకును భేదము కలదు. పోగొట్టుకొన్నదానిని తిరిగి అడుగకుండుటలో ఆయన గొప్పతనమున్నదని నా తలంపు.

పాఠశాలలో బోధింపగూడదన్నపుడు వెలుపల బోధించుటకు మార్గము వెదకవలసి వచ్చినది. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి ఆ మార్గమును చూపినది. చరిత్రమును, శాస్త్రమును, మహనీయుల జీవితములను తెలుగువారికి అందుబాటు వెలకు అందించుట ఆ మండలి యుద్దేశము. ఆ గ్రంథమాల తొలి ప్రచురణలలో ఒకటి హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. తెలుగు వ్యాసరచనకు ఇన్ని విషయములుండగా అమెరికా దేశపు లింకనును ఏల ఎన్నుకొనిరి? బానిసత్వమును తొలగించినవాడు కనుక నందురు. అది నిజమే. కాని లింకను జీవితమున మరియొక పార్శ్వము కలదు. పూరిపాకలో పుట్టి, బడికి పోయినది కొలది మాసములే యై, పొరుగూళ్ళనుండి పుస్తకములు ఎరువు తెచ్చుకొని చదివి, ఆ చదువు బలముతోనే 1834లో ఇల్లినాయి రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనవాడు ఆయన. ఎరువు పుస్తకముతో తయారైన శాసనసభ్యుని కథను మన తెలుగువారికి చెప్పినవాడు, తరువాత తానును శాసనసభ్యుడై, ఎరువు పుస్తకములిచ్చు ఆలయములకు ఆయుర్దాయమును ధారపోసినాడు.

1908లో విజయవాడనుండి ‘స్వరాజ్య’ అను వారపత్రిక వెలువడినది. తిరునెల్వేలిలో ప్రజలపై కాల్పులు జరిగినపుడు, అన్యపాలనను క్రూరవ్యాఘ్రముతో పోల్చుచు ఆ పత్రికలో వ్యాసము వచ్చెను. రాజద్రోహ నేరము మోపి హరిసర్వోత్తమరావుగారిని, పత్రికకు సంబంధించిన బోడి నారాయణరావుగారిని విచారించిరి. క్రింది న్యాయస్థానము విధించిన స్వల్పశిక్ష చాలదని ప్రభుత్వము పైకి పోగా, మద్రాసు హైకోర్టు హరిసర్వోత్తమరావుగారి శిక్షను మూడేండ్లకు పెంచినది. రాజకీయ ఖైదీలకు ప్రత్యేకమైన తరగతులు ఇంకను ఏర్పడని కాలమది. దొంగలకును, హంతకులకును ఏ శిక్షయో ఈ ఎం. ఏ. పట్టభద్రునకును అదియే. 1911లో విడుదలై వచ్చునప్పటికి, ఆయనతో మాటాడుటకే జంకువారు ఎందరో యుండిరి. పోలీసువారు ఎవరి పేరు వ్రాసికొందురో యను భయము.

అటుపిమ్మట మద్రాసున కొమర్రాజువారితో కలసి మండలి పనియు, ఆంధ్రపత్రికలో పనియు చేసిరి. ఆయన భార్య రమాబాయమ్మగారు స్త్రీలకొరకు ‘సౌందర్యవల్లి’ అను పత్రికను నడిపిరి. ఈ కాలమును గూర్చి నేను విస్తరింపను. అంతలో తెలుగునాట వేరొక పని మొదలై, పదిమందిని కూర్చుకొనుచుండెను.

1886లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారను ఉపాధ్యాయుడు ఒక గ్రంథాలయమును నెలకొల్పిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. ఇట్లు అక్కడక్కడ పుట్టిన గ్రంథాలయములను ఒక త్రాటిపైకి తెచ్చుటకు 1914 ఏప్రిలు 10వ తేదీన విజయవాడ రామమోహన గ్రంథాలయమువారి ప్రాపున ప్రథమాంధ్రదేశ గ్రంథభాండాగారుల మహాసభ జరిగినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణము. అధ్యక్షులు ఎవరో తెలియునా? ఏడేండ్ల క్రిందట బిపినచంద్రపాలుగారి మాటలను తెలుగున వినిపించిన చిలకమర్తివారే. వందేమాతరోద్యమము అణగిపోయినదని దొరతనమువారు తలంచిరి. అది పుస్తకముల అలమరలలోనికి పోయి కూర్చున్నది. ఆ సభలో పుట్టినదే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము. గ్రంథాలయ యాత్రలని పేరు పెట్టి, దేవుని దర్శనమునకు పోయినట్లు ఊరూర తిరిగి, రచ్చలలోను, గుడి మండపములలోను పుస్తకపు పెట్టెలు తెరపించిన కాలమది.

ఇక చట్టసభకు వత్తము. హరిసర్వోత్తమరావుగారు నంద్యాల ప్రాంతమునుండి ఎన్నికై, 1927 నాటి మద్రాసు శాసనమండలిలో కూర్చుండిరి. ఆ మండలిలో 132 మంది సభ్యులుండగా, ఎన్నికైనవారు 98 మంది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు ఉపాధ్యక్షురాలుగా నున్న సభ యదియే. ఇరువది యేండ్ల క్రిందట ఏ ప్రభుత్వము తనను గుమాస్తాగిరికైనను తగడని వెలివేసెనో, ఆ ప్రభుత్వమునే నిలువదీసి ప్రశ్నింపగల ఆసనమున ఆయన కూర్చున్నారు. వినుటకు ఇంపుగానున్నది. కాని ఆ ఆసనమునకు గల బలమెంత?

1919 చట్టము ప్రకారము పాలన రెండు ముక్కలై యుండెను. విద్య, ఆరోగ్యము, స్థానిక స్వపరిపాలనము మంత్రుల చేతిలో. ఖజానా, పోలీసు, భూమిశిస్తు గవర్నరు సలహాదారుల చేతిలో. అనగా బడి పెట్టుమని మంత్రిని అడుగవచ్చును. డబ్బు పెట్టె తాళము మంత్రి యొద్ద లేదు. ఆ మండలి 1927లో ఆంధ్రరాష్ట్రమును నిర్మింపవలెనని తీర్మానము చేసినది. తీర్మానము కాగితముపై నిలిచినది. రాష్ట్రము వచ్చుటకు మరి ఇరువదియారేండ్లు పట్టినది. ఇదియొక లోపము. దీనికంటె పెద్దలోపము వేరొకటి కలదు. ఓటు హక్కు పన్నుకట్టు కొలదిమందికే యుండెను. కూలివానికి లేదు, కౌలుదారులలో పెక్కుమందికి లేదు. ఓటున్నవారిలోను చదువురానివారు లెక్కకు మిక్కిలి. తన సభ్యుడు సభలో ఏమి పలికెనో, ఏ పద్దును కాదనెనో, ఏ బిల్లుకు చేయెత్తెనో తెలిసికొనుటకు ఓటరునకు మార్గమేది? సభ్యుడు ఊరికి వచ్చి చెప్పినదే వేదము. అతడు రాకున్న అదియు లేదు.

ఆ కాలముననే ఆయన సీమ పేరు మారినది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినపుడు, దత్తమండలములనెడి దాన వస్తువు పేరు మాకు వలదని, రాయలసీమ యను పేరు తీసికొనిరి. ఆ పేరు పెట్టినవారు హరిసర్వోత్తమరావుగారని కొందరును, చిలుకూరి నారాయణరావుగారని కొందరును చెప్పుదురు. సభలో ప్రతిపాదించినది చిలుకూరివారని పరిశోధకుల నిర్ణయము. ఇందులో తగవునకు చోటులేదు. ఇద్దరును ఆ పేరునకు తగినవారే.

మన ఓటరు చదువుసంధ్యల స్థితిని తెలుపుటకు ఒక్క దృష్టాంతము చాలును. 1937 ఎన్నికలలో మద్రాసు రాజధానియందు ఒక్కొక్క పక్షమునకు ఒక్కొక్క రంగు పెట్టె నుంచిరి. కాంగ్రెసుది పసుపుపచ్చ పెట్టె. పేరు చదువలేనివాడు రంగు చూచి చీటి వేయవలెను. 1952లో వయోజనులందరికి ఓటు వచ్చినపుడును ఇదే చిక్కు. అభ్యర్థికొక గుర్తు, గుర్తుకొక పెట్టె. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశమున అక్షరము వచ్చినవారు నూటికి పదునెనిమిది మంది. రంగులను, గుర్తులను నేను పరిహసించుటలేదు. అవి లేకున్న బీదవాని ఓటు వ్యర్థమయ్యెడిది. కాని పెట్టెను గుర్తించుట వేరు, పెట్టెలోనుండి వచ్చిన మనుష్యుని లెక్క యడుగుట వేరు. రెండవ దానికి చదువు కావలెను, పత్రిక కావలెను, పదిమంది కూర్చుండి చర్చించుకొనుటకు ఒక చోటు కావలెను.

ఆ చోటును సమకూర్చుటకే హరిసర్వోత్తమరావుగారు తక్కిన జీవితమును వినియోగించిరి. దీర్ఘకాలము ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షులై, వయోజన విద్యకు పాటుపడిరి. రాత్రి బడియు గ్రంథాలయమును ఒకదాని కొకటి తోడుగానుండవలెను. అక్షరములు నేర్చినవానికి చదువుటకు పుస్తకము దొరకనిచో, రెండేండ్లలో ఆ అక్షరములు మరపునకు వచ్చును. ఇది మన గ్రామమున మనమందరము చూచినదే.

ఆ ఉద్యమపు కాలమున ఎన్ని వింతలు జరిగినవో చెప్పవలసినచో ఈ రాత్రి చాలదు. ఒక్కటి చెప్పెదను. 1935లో పాతూరి నాగభూషణముగారును, వారి పెదపాలెపు మిత్రులును గుంటూరుజిల్లా కృష్ణకాలువలో పడవపై గ్రంథాలయమును నడిపిరి. రోడ్లు లేని ఆ డెల్టా గ్రామములకు బియ్యము, బెల్లము ఎట్లు పడవలపై పోయెడివో, పుస్తకములును అట్లే పోయినవి. పడవలో ప్రయాణము చేయువారు గంటల తరబడి ఊరక కూర్చుండవలసినవారు కదా! వారు చదువుకొనుచు పోవుదురు. ఈ నాగభూషణముగారే తరువాత విజయవాడ పటమటలో సంఘమునకు సొంత భవనమును కట్టించి, తమ అధ్యక్షుని పేర సర్వోత్తమ భవనమని పిలిచిరి. మనుష్యుడు జీవించియుండగా అతని పేర భవనము కట్టుట నాకు సాధారణముగ నచ్చదు. ఈ ఒక్క విషయమున నాకు అభ్యంతరము తోచదు.

అయితే చందాలపైనను, దాతల ఔదార్యముపైనను గ్రంథాలయములు ఎంతకాలము నిలుచును? పెట్టినవాడు ఊరు విడిచిపోయిన దినమున అలమరకు చెదలు పట్టును. ఇందుకు చట్టము కావలెను, చట్టముతో నికరమైన ఆదాయము కావలెను. 1948లో మద్రాసు రాష్ట్రము గ్రంథాలయ చట్టమును చేసినది. స్వతంత్ర భారతమున అట్టి చట్టములలో అది మొదటిది. అవినాశిలింగము చెట్టియారుగారు విద్యామంత్రి. రంగనాథన్‌గారు దాని వెనుకనున్న పండితుడు. ఇంటిపన్నులో రూపాయికి అరణా, అనగా ఆరు పైసల వంతున, గ్రంథాలయ పన్ను వసూలు చేయవచ్చునని అందు నిర్ణయించిరి. అవి రూపాయికి నూటతొంబదిరెండు పైసలున్న పాతకాలపు లెక్కలు. తెలంగాణమునకు 1955లో హైదరాబాదు గ్రంథాలయ చట్టము వచ్చినది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడి, కర్నూలు రాజధాని యైనది. ఆయన పుట్టిన పట్టణమున శాసనసభ వెలసినప్పటికి ఆయనకు డెబ్బదియేండ్లు నిండినవి. అప్పటి కార్యాలయములు గుడారములలో నుండెడివి. 1927లో తీర్మానముగా మిగిలినది ఇప్పుడు గుడారము క్రిందనైనను కార్యరూపము దాల్చినది. మూడేండ్లలో తెలుగునాడంతయు ఒకటి కాగా, రెండు గ్రంథాలయ చట్టములను ఒకటి చేయవలసిన యవసరము కలిగెను. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చినది. అది అమలులోనికి వచ్చిన దినము 1960 ఏప్రిలు 1. హరిసర్వోత్తమరావుగారు పరమపదించినది 1960 ఫిబ్రవరి 29. ఒక్క నెల వ్యవధి.

సోదరులారా, ఆ చట్టమే నేటికిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రముల గ్రంథాలయములకును ఆధారము. ఇంటిపన్నులో రూపాయికి నాలుగు పైసలకు తగ్గకుండ, ఎనిమిది పైసలకు మించకుండ గ్రంథాలయ పన్ను విధించునట్లు అందు ఏర్పాటు కలదు. పంచాయతీయు, పురపాలక సంఘమును దానిని ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. ఎనిమిది పైసల లెక్కన, నూరు రూపాయలు ఇంటిపన్ను కట్టు గృహస్థు ఎనిమిది రూపాయలు గ్రంథాలయమునకని కట్టుచున్నాడు. అతడు గ్రంథాలయపు గడప త్రొక్కినను, త్రొక్కకున్నను కట్టుచున్నాడు. చందాదారులైన మీరు పుస్తకమునకు రెండుమార్లు చెల్లించుచున్నారన్నమాట. ఒకసారి తెలిసి, ఒకసారి తెలియక.

ఈ సొమ్ము వసూలైన చోటనే ఆగిపోవుచున్నదనియు, జిల్లా సంస్థలకు బకాయిలు పేరుకొనిపోవుచున్నవనియు పత్రికలు పలుమార్లు వ్రాసినవి. వీథి దీపములకును, నీటి గొట్టములకును డబ్బు చాలనపుడు గ్రంథాలయపు పద్దు మొదట చేతికి దొరకును. పుస్తకము అరచి అడుగదు కదా! పంచాయతీవారిని నేను నిందించుటలేదు. వారి యిబ్బందులు వారికి కలవు. కాని అది వేరొక పనికి వాడుకొనుటకు ఇచ్చిన సొమ్ము కాదు. గ్రామసభలో లేచి, ఈ యేడు గ్రంథాలయ పన్ను ఎంత వసూలైనది, అందులో ఎంత జిల్లా సంస్థకు పంపితిరి, ఏ తేదీన పంపితిరి అని అడుగుటకు ప్రతి ఓటరునకు అధికారము కలదు. అడుగుటకు గొంతు పెంచనక్కరలేదు. రసీదు చేతబట్టుకొని అడిగిన చాలును. మన శాసనసభ్యులు ఓట్లకు వచ్చినపుడు రోడ్డును, వంతెనను అడుగుదుము. శాఖా గ్రంథాలయమునకు గ్రంథపాలకుని పదవి ఎన్నేండ్లనుండి ఖాళీగానున్నదో అడిగినవారు మనలో ఎందరు?

ఆయన చెరసాల కథను పాఠ్యపుస్తకములు చెప్పును. దానిని పిల్లలు కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుదురు. మంచిదే. ఆయన చట్టసభలో కూర్చుండి తెలిసికొన్న కొరతను, దానిని తీర్చుటకు పడిన పాటును ఎవరును పాఠముగా పెట్టలేదు. కనుకనే ఈ సభలో నేను దానిని ముచ్చటించితిని.

చివరకు కార్యవర్గము పక్షమున ఒక మనవి. విజ్ఞానచంద్రికా మండలివారి పుస్తకములు ఒకప్పుడు తెలుగు గ్రామములకు విరివిగా వచ్చినవి. ఈ యూరి పాత యిండ్ల అటకలపై, పెట్టెల అడుగున అవి ఇంకను ఉండవచ్చును. లింకను చరిత్రము గాని, ఆ మాలలోని మరి యే పుస్తకము గాని, అట్ట ఊడినదైనను, ఎవరి యింట నున్నను మన గ్రంథాలయమునకు ఇప్పింపుడు. బైండు చేయించి, ఇచ్చినవారి పేరు లోపలి పుటపై వ్రాసి, అద్దాల అలమరలో నుంచుటకు కార్యదర్శిగారు అంగీకరించినారు.